తిరిగే తుపాకీకి ఒక నూనె, పడుకునే తుపాకీకి ఇంకో నూనె

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ఎప్పటిలాగే లైసెన్సు తుపాకులన్నీ డిపాజిట్ చేయమని కబురు. మా నాయన నాటి రెండు గొట్టాల ట్వెల్వ్ బోర్‌ను తుడిచి, నూనె పూసి, పాత పంచెలో చుట్టి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాను. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఆ హడావిడి సద్దుమణిగాక పోయి తెచ్చుకుని, ఇంట్లో పంచె విప్పితే గొట్టం మీద నాలుగు వేళ్లూ ఒక బొటనవేలూ కనిపించాయి. అచ్చు గుద్దినట్టు, ఎర్రగా, తుప్పుతో. నంబరు చూసుకునేటప్పుడు పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలీదు, నాదే అయినా కావచ్చు. నెల్లూరు ఎండల్లో చెమట పట్టని చెయ్యి యాడుంది?

మా వీధిలో హవల్దారు బాబాయి ఉన్నారు. సొంతూరు గిద్దలూరు వైపు. సైన్యం నుంచి రిటైరై బ్యాంకు దగ్గర గార్డుగా చేస్తున్నారు. ఆయనకు చూపిస్తే ముందు అడిగింది ఒక్కటే, ఏ నూనె పూశావని. కుట్టు మిషన్ నూనె అన్నాను. "అది తిరిగే వాటికి నాయనా. నీ తుపాకీ మూడు నెలలు పడుకుంది గదా" అన్నారు.

ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. తర్వాత ఏడాది పాటు దొరికిన నూనెలన్నీ తెచ్చి, అడిగి, వాడి చూసి తేల్చుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. లైసెన్సు ఉండి, సంవత్సరంలో ఎక్కువ రోజులు బీరువాలోనే ఉండే తుపాకీ ఉన్నవాళ్ల కోసం ఇది. నాకు తెలిసిన లైసెన్సుదారుల్లో ఎక్కువమంది పరిస్థితి ఇదే. వేట ఎటూ 1972 వన్యప్రాణి చట్టం, 1991లో దానికి చేసిన సవరణతో ఆగిపోయింది. తాతల నాటి ఆస్తిగానో, పంట కాపలాకో, గార్డు ఉద్యోగానికో ఉంచుకున్నవే అన్నీ. అవి పేలేది తక్కువ, తుప్పు పట్టేది ఎక్కువ. అందుకే నూనె కొనేటప్పుడు "ఎంత బాగా జారుతుంది" అన్న ప్రశ్న వెనక్కి పోవాలి, "ఎన్నాళ్లు కాపాడుతుంది, వేటిని పాడు చేయదు" అన్నది ముందుకు రావాలి.

ముందు మన గాలి సంగతి

మా ఇల్లు నెల్లూరు టౌన్లో, పొలం ఇందుకూరుపేట వైపు. మైపాడు సముద్రం ఎంతో దూరం లేదు. చుట్టూ రొయ్యల గుంటలు. వాటిలో ఏరియేటర్లు రాత్రింబగళ్లు ఉప్పునీళ్లు చిమ్ముతుంటాయి. ఆ గాలికి కిటికీ ఊచలు, మోటారు సైకిల్ చక్రాల రిమ్ములు ఎట్టా అవుతాయో చెప్పక్కర్లేదు. పైగా మన వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి, ముసురు పడితే వారం రోజులు బీరువాలో బట్టలు కూడా చెమ్మ వాసన కొడతాయి.

మా బావ వాళ్లది ఉదయగిరి అవతల మెట్ట. అక్కడ ఉప్పు లేదు, దుమ్ముంది. ఎండాకాలం ఇనుప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆయన దగ్గరా ఇలాంటి తుపాకీయే ఉంది, వెలికొండల నుంచి దిగే అడవిపందులకు భయపడి ఆయన తండ్రి తీసుకున్నది. ఒకే సీసాలోని నూనెను ఇద్దరం వాడితే నా దగ్గర పలచబడి పోయింది, ఆయన దగ్గర దుమ్ము పట్టి పేస్టులా అయింది. కాబట్టి ఎవరైనా "ఫలానా నూనె బెస్టు" అంటే, అది ఏ ఊళ్లో బెస్టు అని అడగండి.

ఒంగోలు, కొత్తపట్నం, కావలి, ముత్తుకూరు వాళ్లు నా లెక్కలో చూసుకోండి. కనిగిరి, పొదిలి, మార్కాపురం వాళ్లు మా బావ లెక్కలో చూసుకోండి.

ఉప్పు నూనెలో కరగదు

ఆవకాయ కలిపిన ఎవరికైనా ఇది తెలుసు. నూనె పైన తేలుతుంది, ఉప్పు ఊటలోనే ఉంటుంది. తుపాకీ మీద కూడా అంతే. చెమటలో ఉన్నది ఉప్పు, సముద్రపు గాలిలో ఉన్నది ఉప్పు. దాన్ని తీయకుండా పైన ఎంత మంచి నూనె పూసినా, దుప్పటి కప్పి దొంగను లోపల పడుకోబెట్టినట్టే. నూనె కింద ఉప్పు చెమ్మను పీల్చుకుంటుంది, తుప్పు మొదలవుతుంది. నా గొట్టం మీద వేలిముద్రల కథ ఇదే.

మందు కాలిన మసిలో కూడా ఉప్పులుంటాయి. పాతకాలం తూటాల్లో దెబ్బకు వెలిగే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, అదీ వంటింటి ఉప్పుకు వరసకు తమ్ముడే. అందుకే వెనకటి సిపాయిలు గొట్టంలో వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించేవాళ్లు. ఇప్పటి తూటాల్లో ఆ బాధ లేదు. కానీ పంట కాపలాకు లైసెన్సు ఇచ్చే, మూతి వైపు నుంచి మందు కూరే తుపాకులు ఉన్నాయి చూడండి, వాటిలో వాడే బ్లాక్ పౌడర్ మసి మాత్రం ఒట్టి నూనెకు లొంగదు. నీళ్లు తగలాల్సిందే.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం నూనెలు పక్కకు పోతాయి. నీటితో కలిసి ఉప్పును తీయగలిగి, ఆ నీళ్లు ఆరాక నూనెగా మిగిలేది ఏదన్నా ఉందా అని వెతకాలి.

బాలిస్టాల్ దగ్గర ఎందుకు ఆగాను

ఉంది. జర్మనీ వాళ్ల బాలిస్టాల్. 1904లో వచ్చింది, నూట ఇరవై ఏళ్లు దాటింది. జర్మన్ సైన్యానికి అప్పట్లో ఒక ఇబ్బంది ఉండేది. రైఫిల్ ఇనుముకు ఒక నూనె, చెక్కకు ఒకటి, తోలు బెల్టుకు, బూటుకు ఇంకొకటి అంటే సిపాయి ఎన్ని డబ్బాలు మోస్తాడు? అన్నిటికీ ఒకటే కావాలన్నారు. క్లేవర్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆ సైన్యం 1945 దాకా దాన్నే వాడింది.

లోపల ఉన్నది పెద్ద రహస్యం కాదు. మందుల్లో వాడే రకం తెల్ల మినరల్ ఆయిల్, ఓలియిక్ ఆమ్లం నుంచి వచ్చే సబ్బులాంటి పదార్థం, కొన్ని ఆల్కహాళ్లు, సువాసన ద్రవ్యం. ఆ సబ్బు గుణం వల్లే ఇది నీళ్లలో కలుస్తుంది. ఫినాయిల్ బకెట్లో పోస్తే నీళ్లు తెల్లగా పాలలా అవుతాయి కదా, సరిగ్గా అట్టాగే. ఒక వంతు నూనెకు పది వంతుల నీళ్లు కలిపి ఆ పాలతో తుడిస్తే ఉప్పు నీళ్లలోకి వస్తుంది, మసి సబ్బులోకి వస్తుంది, ఆరాక పలచటి నూనె పొర మిగులుతుంది. కొద్దిగా క్షారగుణం ఉండడం వల్ల చెమటలోని ఆమ్లాన్ని కూడా చంపుతుంది. నల్లమసి పట్టిన, మూతి నుంచి మందు కూరే తుపాకీలకు ప్రపంచమంతా ఈ పాలనే వాడుతున్నారు.

దీన్ని నేను మెత్తటి నూనె అంటాను, అది ఒట్టి మెచ్చుకోలు మాట కాదు. తుపాకీలో ఇనుము ఒక్కటే లేదు. వెనక భుజానికి ఆనించే బట్టు చెక్క ఉంది, దానికి పాలిష్ ఉంది. తోలు పట్టీ ఉంది. తుడిచే చెయ్యి మనది. చెక్కకు, తోలుకు, చేతికి హాని చేయకుండా, ఏళ్లు గడిచినా జిగురుగా మారకుండా ఉండాలి. బాలిస్టాల్ ఈ పరీక్ష పాసవుతుంది. పొరపాటున చెక్క మీద ఒలికినా కంగారు పడక్కర్లేదు, గుడ్డతో తుడిచేస్తే మెరుస్తుంది. నాలాంటి తొందరపాటు మనుషులకు ఇదే పెద్ద లాభం.

లోపాలూ చెప్పాలి. మొదటిది వాసన. కొందరికి సోంపులా ఉంటుంది, మా ఇంట్లో మాత్రం "తడిసిన సాక్సుల్లో సోంపు పోసినట్టుంది" అన్నారు. బీరువాలో పట్టుచీరల పక్కన పెడితే గొడవ తప్పదు. రెండోది, రాగి, ఇత్తడి మీద ఎక్కువకాలం వదిలితే ఆకుపచ్చగా చిలుము రంగు తేలుతుంది. ఇత్తడి భాగాల మీద పూసి తుడిచేయాలి. మూడోది, ఇది పలచటి నూనె. నిలబెట్టిన ఇనుము మీద నుంచి మెల్లగా కిందికి దిగుతుంది. మా సముద్రపు ఊళ్లో నెలకు ఒకసారి, ముసురు రోజుల్లో పదిహేను రోజులకు ఒకసారి మళ్లీ తుడవకపోతే నమ్మకం లేదు. నాలుగోది ఖరీదు, దొరకడం. మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో ఉండదు, తెప్పించుకోవాలి. స్ప్రే డబ్బాలో మండే గ్యాసు ఉంటుంది కాబట్టి సీసాలో వచ్చే ద్రవమే మేలు. పొదుపుగానూ వస్తుంది.

ఇంకో మాట. అమ్మేవాళ్లు దీన్ని కుక్క పాదాల నుంచి తలుపు గడియ దాకా అన్నిటికీ రాయమంటారు. గడియ వరకు నేను నమ్ముతాను.

దొరక్కపోతే, లేదా అంత పెట్టలేకపోతే

మెడికల్ షాపుకు వెళ్లి లిక్విడ్ పారఫిన్ అడగండి. మలబద్ధకానికి ఇచ్చేదే. రంగు, వాసన లేని శుద్ధమైన తెల్ల మినరల్ ఆయిల్. బాలిస్టాల్‌లో మూలం కూడా ఇలాంటి నూనెయే. ఆమ్లం లేదు, చెక్కను ఏమీ చేయదు, చేతికి అంటినా భయం లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కలిపిన తెల్లటి సిరప్ కూడా ఉంటుంది, అది కాదు. షాపు అబ్బాయికి తుపాకీకి అని చెప్పకపోయినా పర్లేదు, "ఒట్టి పారఫిన్ ఇవ్వు" అంటే చాలు.

దీనికి లేనిది సబ్బు గుణం. అంటే ఉప్పును ఇది తీయదు. తీయడం విడిగా చేయాలి. గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఇనుమంతా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చి, కాసేపు ఫ్యాను కింద పెట్టి, తర్వాత పారఫిన్ పూయాలి. తుపాకీకి నీళ్లా అని భయపడేవాళ్లున్నారు. రోజుల తరబడి కూర్చునే ఉప్పు కంటే రెండు నిమిషాల నీళ్లే నయం. పని రెండు రెట్లు, ఖర్చు చాలా తక్కువ. ఓపిక ఉన్నవాళ్లకు ఇదే నా సలహా.

కుట్టు మిషన్ నూనె కూడా ఇదే జాతి, ఇంకా పలచన. ట్రిగ్గర్ పిన్నులకు, తూటా పెట్టడానికి తుపాకీని విరిచి తెరిచే మడత దగ్గర ఒక చుక్క వేయడానికి దీన్ని మించింది లేదు. జిగురు పట్టదు. కానీ పడుకునే తుపాకీకి పొరగా నిలవదు. అది నా తుప్పు సాక్షిగా చెబుతున్నాను.

తెల్లవాళ్ల కాలంలో తుపాకులకు రంగూన్ ఆయిల్ అని ఒకటి వాడేవారు, బర్మా పెట్రోలియం నుంచి తీసింది. మన పెద్దవాళ్లు రంగం అని పిలిచిన ఊరి పేరే అది. ఆ నూనె కూడా ఇలాంటి తేలిక మినరల్ ఆయిలే. అంటే ఈ పద్ధతి కొత్తదేం కాదు.

డబ్ల్యూడీ ఫార్టీ, సీఎల్‌పీ

సైకిల్ షాపు నుంచి రొయ్యల గుంట షెడ్డు దాకా డబ్ల్యూడీ ఫార్టీ డబ్బా లేని చోటు లేదు. 1953లో అమెరికాలో, శాన్ డియాగోలో తయారైంది. ఆ పేరులోనే దాని పని ఉంది. డబ్ల్యూడీ అంటే నీటిని తొలగించేది, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఫార్టీ. రాకెట్ల ఒంటికి తుప్పు పట్టకుండా మొదట వాడారు.

ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, కొంచెం నూనె. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వాన గుర్తుందా? అలాంటి వానలో బీరువాలోకి నీళ్లు చేరి తుపాకీ తడిసిందనుకోండి, మొదటి గంటలో దీన్ని మించిన మందు లేదు. సందుల్లోని నీటిని బయటికి తోస్తుంది. కానీ ఆ తర్వాత తుడిచి అసలు నూనె పూయాలి. నెలలు కాపలా కాయమంటే దాని పొర చాలదు. తూటాల దగ్గర మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. సందుల్లోకి దూరే గుణం వల్ల ప్రైమర్‌లోకి చేరితే తూటా పేలకపోవచ్చు.

సీఎల్‌పీ అని అమ్మేవి వేరే రకం. శుభ్రం చేయడం, జారేలా చేయడం, కాపాడడం, మూడూ ఒకే సీసాలో. అమెరికా సైన్యం కోసం తయారైన రకం ఇది. క్లబ్బుల్లో రోజూ వందల తూటాలు పేల్చే షూటర్లకు, ఇనుము ప్లాస్టిక్ తప్ప చెక్క లేని ఆయుధాలకు బాగుంటుంది. తుప్పును ఆపడంలోనూ బాలిస్టాల్ కంటే మెరుగైనవి ఉన్నాయని ఒప్పుకుంటాను. కానీ పాత చెక్క, పాత పాలిష్ ఉన్న మా నాయన తుపాకీ మీద దాన్ని ధారాళంగా వాడడానికి నాకు చెయ్యి రాదు. ఇనుము మీదే, చుక్కలుగా వాడితే సరే.

గొట్టంలోని రాగి మరకలు తీసే ఘాటు ద్రావకాలు ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో అమ్మోనియా ఉంటే నికెల్ పూత ఉన్న తుపాకీకి దూరంగా పెట్టండి. పూత కింద రాగి ఉంటే దాన్ని పట్టుకుంటుంది, పూత పొట్టులా లేస్తుంది. ట్వెల్వ్ బోర్‌లో మామూలుగా రాగి బుల్లెట్లు పేల్చం కాబట్టి వీటితో మనకు పనే లేదు.

వంటింటి నూనెలు

నేను మొదట్లో కొబ్బరి నూనె కూడా ప్రయత్నించాను. మా నాయనమ్మ చూసి, "ఏంది అబ్బయ్యా, తుపాకీకి గూడా తలంటుతుండావా?" అంది. నాలుగో రోజుకు చీమలొచ్చాయి. చలికాలం ఉదయం సీసాలో గడ్డకట్టే నూనె తుపాకీ లోపల స్ప్రింగు దగ్గర గడ్డకట్టదా? ఇరవై నాలుగు డిగ్రీల కిందికి దిగితే అది పేరుకుంటుంది. ఉదయగిరి వైపు డిసెంబరులో ఇది మామూలే.

ఆముదం సంగతి కాస్త వేరు. బండి ఇరుసుకు కందెనగా పెట్టిన జాతి అది. ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. క్యాస్ట్రాల్ అన్న ఇంజన్ ఆయిల్ పేరు కూడా ఆముదం ఇంగ్లిషు పేరు నుంచి వచ్చిందే. కానీ కాలం గడిచేకొద్దీ గాలికి ముదిరి బంకగా అవుతుంది. ఇరుసుకు బంక ఉన్నా బండి నడుస్తుంది, ట్రిగ్గర్‌కు బంక పడితే నడవదు. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె ఇంకా తొందరగా బంకవుతాయి.

అవిసె నూనె ఒక్కదానికి చోటుంది, అదీ బట్టు చెక్కకు. అది గాలికి ఆరి గట్టిపడే నూనె, చెక్కకు అదే కావాలి. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్దాలి. ఇనుముకు తగలనివ్వొద్దు. వాడిన పేలికలను ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. విడదీసి బయట దండెం మీద ఆరేయండి.

కిరసనాయిలు పాత జిడ్డు కరిగించడానికి పనికొస్తుంది, కాపాడడానికి కాదు. మోటారు సైకిల్ నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దే వద్దు. అందులో ఇంజన్ కక్కిన మసీ ఆమ్లాలూ అన్నీ ఉంటాయి. మా బావ అదే వాడేవాడు, "నల్లగా ఉంటే బలం" అని. ఆయనకు ఇది చెప్పడానికి నాకు రెండు సంక్రాంతులు పట్టింది.

మూడు నెలలు పడుకోవాలంటే

ఎన్నికల డిపాజిట్‌కు, లేదా మనం ఊళ్లో లేనప్పుడు, ఏ పలచటి నూనెనూ నమ్మొద్దు. వ్యాజలీన్ లాంటి పెట్రోలియం జెల్లీ మంచిది. ఆమ్లం లేదు, కారిపోదు, చెక్కకు అంటినా తుడిస్తే పోతుంది. ముందు ఉప్పు తీసి, బాలిస్టాల్‌తోనో పారఫిన్‌తోనో తుడిచి, ఆపైన గొట్టం బయట వేలితో పలచగా జెల్లీ రాయాలి. గొట్టం లోపలికి గుడ్డతో పట్టించాలి. తిరిగొచ్చాక ఆ జెల్లీని పూర్తిగా తీసేదాకా తూటా దగ్గరికి కూడా వెళ్లొద్దు. గొట్టంలో ఏదైనా అడ్డు ఉండగా పేల్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మామూలు నూనె అయినా పేల్చే ముందు పొడిగుడ్డ ఒకసారి లాగాలి.

పూసే పద్ధతి గురించి నాలుగు మాటలు

ముందు తుపాకీ విరిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి చూసి, తూటాలు ఇంకో గదిలో పెట్టాకే నూనె మూత తీయండి. ఇందులో మినహాయింపు లేదు. చుట్టూ పిల్లలు లేకుండా చూసుకోండి.

ఎన్‌సీసీలో చేరినవాళ్లకు చిందీ గుర్తుంటుంది. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డముక్క. పుల్‌త్రూ తాడుకు తగిలించి గొట్టంలోంచి లాగేది. నూనె పట్టించే గుడ్డ ఇంకాస్త సన్నం, నాలుగుకి ఒకటిన్నర. హవల్దారు బాబాయి ఇప్పటికీ అదే కొలతకు పాత బనీన్లు కత్తిరించి డబ్బాలో పెట్టుకుంటారు. ఎప్పుడూ తూటా పెట్టే వైపు నుంచి మూతి వైపుకే లాగాలి, మసి లోపలి యంత్రంలోకి పోకుండా.

నూనె ఎక్కువైతే మంచిది అనుకోవడం మన అలవాటు. చుక్కలే చాలు. పూశాక చూస్తే నూనె కనిపించకూడదు, వేలు పెడితే మాత్రం తెలియాలి. మెట్ట ఊళ్లలో అయితే ఇంకా తక్కువ, ఎందుకంటే అక్కడ నూనె ఎక్కువైతే దుమ్ముకు పిలుపు. మా బావ ఇప్పుడు బయటి ఇనుమును నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తాడు. ఆ మిగిలిన నూనె పొరే ఆయన ఊరికి సరిపోతుంది.

నూనె పూసిన తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడితే నూనె మెల్లగా కిందికి దిగి యంత్రంలోకి, అక్కడి నుంచి బట్టు చెక్క మొదట్లోకి చేరుతుంది. ఏళ్ల తరబడి అలా నూనె తాగిన చెక్క నల్లబడి మెత్తబడుతుంది. మా నాయన తుపాకీకి అదే జరిగింది, ఇనుము చెక్కలో దిగే చోట గోరు పెడితే దిగుతుంది. అందుకే మొదటి రెండు రోజులు మూతి కిందికి పెట్టి, కింద మడిచిన గుడ్డ వేయండి. ఈ అలవాటు ఉంటే ఏ నూనె వాడినా చెక్క బతుకుతుంది.

తోలు సంచీ చూడ్డానికి దర్జాగా ఉంటుంది, మోసుకెళ్లడానికే వాడండి. దాచడానికి కాదు. తోలు చెమ్మను పీల్చి పట్టుకుంటుంది, దాన్ని పదును చేసిన పదార్థాలు ఇనుమును తింటాయి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి, వాన రోజుల్లో మార్చండి.

ఎయిర్ రైఫిల్ ఉన్న పిల్లలకు ఒక హెచ్చరిక. పైన చెప్పిన పెట్రోలియం నూనెలేవీ గాలి నొక్కే గదిలో వేయొద్దు. గాలి ఒక్కసారిగా నొక్కుకుంటే డీజిల్ ఇంజన్‌లో మాదిరి నూనె అంటుకుంటుంది, సీళ్లు పోతాయి. సిలిండర్‌లో గాలి నింపే రకంలో అది ఇంకా ప్రమాదం. వాటికి తయారీదారు చెప్పిన సిలికోన్ నూనె మాత్రమే. బయటి ఇనుము తుడవడానికి బాలిస్టాల్ సరిపోతుంది.

మరి ఎవరికి ఏది?

సముద్రం వైపు ఉండి, తుపాకీ ఎక్కువగా బీరువాలోనే ఉంటే బాలిస్టాల్ ఒక సీసా, వ్యాజలీన్ ఒక డబ్బా. నా ఓటు ఇదే. డబ్బు ఆదా చేయాలంటే లిక్విడ్ పారఫిన్, గోరువెచ్చని నీళ్లు, ఓపిక. మెట్టలో ఉంటే పారఫిన్ ఒక్కటే చాలు, బాలిస్టాల్ కోసం తహతహలాడక్కర్లేదు. మూతి నుంచి మందు కూరే తుపాకీ ఉంటే మాత్రం ఏ ఊరైనా బాలిస్టాల్ పాలు, దానికి నేను ప్రత్యామ్నాయం చూడలేదు. లేదంటే వేడి సబ్బునీళ్లే. రోజూ చేత పట్టుకునే గార్డులకు నూనె రకం కంటే డ్యూటీ దిగగానే తుడవడం ముఖ్యం. హవల్దారు బాబాయి జేబులో నూనె గుడ్డ ఒకటి చిన్న ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. ఇంటికి బయల్దేరేముందు తుపాకీ ముట్టుకున్న చోటల్లా ఒకసారి లాగుతారు. అందులో ఉన్నది ఏ నూనె అని అడిగితే నవ్వి, "ఏదో ఒకటి, రోజూ" అన్నారు.

నేనైతే మళ్లీ కోడ్ వచ్చేటప్పటికి పద్ధతి మార్చుకున్నాను. పాత పంచె తీసేశాను. జెల్లీ రాసి మైనపు కాగితం చుట్టి, నంబరు ఉన్న చోట ఒక్క మడత విప్పితే చాలేలా కట్టాను. చూసేవాళ్లు గొట్టం పట్టుకునే పని లేకుండా.